2147483647: ఒక పెద్ద ప్రధాన సంఖ్య కథ

నమస్కారం. ఈ వీడియోలో 2147483647 అనే ఒక్క సంఖ్యను తీసుకొని, అది గణితంలో ఏయే వర్గాలకు చెందుతుందో, ఎందుకు చెందుతుందో పరిశీలిద్దాం. మన పద్ధతిలో చదివితే ఇది 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఏ క్రమమూ లేని పది అంకెల వరుసలా కనిపిస్తుంది గానీ, దీనికి 1 కలిపితే వచ్చే సంఖ్య 2 యొక్క 31వ ఘాతం. అంటే మన సంఖ్య 2^31 − 1. ద్విసంఖ్యామానంలో రాస్తే వరుసగా 31 ఒకట్లు.

2^n − 1 రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. ఫ్రాన్సుకు చెందిన గణితజ్ఞుడు మెర్సెన్ 1644లో ప్రకటించిన ఘాతాల జాబితాలో 31 ఉంది. అయితే అదే జాబితాలోని 67, 257 తప్పని తరువాత తేలింది కనుక, జాబితాలో ఉండటాన్ని నిరూపణగా తీసుకోలేం. 2147483647 ప్రధాన సంఖ్యే అని 1772 నాటికి గణితజ్ఞుడు ఆయిలర్ నిరూపించాడు.

ఆయన దారి గమనించదగినది. నేరుగా పరీక్షించాలంటే దీని వర్గమూలం, అంటే సుమారు 46341, లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి. అవి దాదాపు 4,800. కానీ 31 స్వయంగా ప్రధాన సంఖ్య కావడం వల్ల, 2^31 − 1ను నిశ్శేషంగా భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 62తో భాగిస్తే 1 శేషంగా మిగలాలి. అదే భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ కావాలి. ఈ రెండు నియమాలనూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 శేషమిచ్చే సంఖ్యలు మాత్రమే మిగులుతాయి. 46341 లోపు అవి సుమారు 370. వాటిలోనూ 63, 249 వంటి సంయుక్త సంఖ్యలను కొట్టివేయవచ్చు. నిజంగా పరీక్షించవలసిన మొదటి సంఖ్య 311. దానితో భాగిస్తే 35 మిగులుతుంది. మిగతావాటిలోనూ ఒక్కటీ నిశ్శేషంగా భాగించదు. చేతితో లెక్కించే రోజుల్లో ఇంత పెద్ద సంఖ్య లొంగింది దాని రూపం వల్లనే.

ఇక్కడి నుంచి మిగతా వర్గాలు సులువుగా వస్తాయి. ఘాతమైన 31 కూడా 2^5 − 1 కావడంతో, ఇది ద్వంద్వ మెర్సెన్ ప్రధాన సంఖ్య. ఇలాంటివి ఇంతవరకు తెలిసినవి నాలుగే. దీన్ని 2^30తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. తనను మినహాయించి తన భాజకాలన్నిటి మొత్తానికి అది సమానం, అంటే పరిపూర్ణ సంఖ్య.

చెందని వర్గాలనూ చూద్దాం. దీనికి 2 కలిపితే 3తో, 2 తీసివేస్తే 5తో భాగింపబడుతుంది కాబట్టి కవల ప్రధాన సంఖ్యల్లో, అంటే 2 తేడాతో ఉండే ప్రధాన సంఖ్యల జంటల్లో, దీనికి చోటు లేదు. 4తో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి రెండు పూర్ణాంకాల వర్గాల (స్క్వేర్ల) మొత్తంగానూ దీన్ని రాయలేం.

కంప్యూటర్లలో, ధన, రుణ గుర్తుతో కూడిన 32 బిట్ల (0 లేదా 1 అంకెల) పూర్ణాంకానికి ఇదే గరిష్ఠ విలువ: ఒక బిట్ గుర్తుకు పోతే మిగిలేవి 31. 1970 ఆరంభం నుంచి సెకన్లను ఈ విధంగా లెక్కపెట్టే వ్యవస్థలు 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, ఈ హద్దును తాకుతాయి. 64 బిట్ల హద్దయిన 2^63 − 1 కూడా ప్రధాన సంఖ్యే అనుకోకండి. 63ను 3 భాగిస్తుంది కనుక, 2^3 − 1, అంటే 7, దానిని తప్పకుండా భాగిస్తుంది.