తొమ్మిదో అడుగు యాడికెల్లి తేవాలె?

(ఇంటీరియర్ డిజైన్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక చిన్న పని. మీలో ఎంతమంది బ్యాగుల్లో ఇప్పుడు టేపు ఉంది? అంటించే టేపు కాదు, కొలిచే టేపు. చేతులెత్తండి. ఒకటి, రెండు... మొత్తం నలుగురు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు? ఆ, అనుకున్నా. మూడో ఏడాదిలో ఇంటర్న్‌షిప్‌కి నేనూ అలాగే వెళ్లాను. గీసే సాఫ్ట్‌వేర్లు ఆటోక్యాడ్ వచ్చు, స్కెచప్ వచ్చు, గది బొమ్మను కంప్యూటర్‌లో నిజంలా చూపించే రెండర్‌లో సోఫా మీద ఎండ ఎటు నుంచి పడాలో కూడా వచ్చు. మొదటి రోజు సైట్‌లో టేపు మాత్రం ప్లంబర్ని అడిగి తీసుకున్నాను. ఇచ్చాడు గానీ, ఇస్తూ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఇంటర్న్‌షిప్‌లో ఏం నేర్చుకున్నారో చెప్పమని మీ మేడమ్ ఫోన్ చేశారు. కమ్యూనికేషన్, టీమ్ వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్ లాంటివి మీ రిపోర్టులో ఎలాగూ రాస్తారు. మేమూ రాశాం, ఒకరిది చూసి ఒకరం. నేను ఈరోజు రెండు వార్డ్‌రోబ్‌ల గురించీ ఒక వంటగట్టు గురించీ చెప్తాను.

హైదరాబాద్‌లో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్, పదకొండో అంతస్తులో మూడు బెడ్‌రూముల ఫ్లాటు. చేరిన మూడో వారం మాస్టర్ బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ గీయమని నాకిచ్చారు. ఫాల్స్ సీలింగ్ పోగా గది ఎత్తు తొమ్మిది అడుగులు. నేల నుంచి సీలింగ్ దాకా ఒకటే తలుపు ఉండాలి, మధ్యలో ఎక్కడా గీత కనిపించకూడదు అని నా పట్టుదల. రెండర్ చూసుకుంటే నాకే ముచ్చటేసింది. మా సార్ చూసి ఏమీ అనలేదు. "ప్రింట్ తీసి కార్పెంటర్‌కి చూపించు" అన్నారు, అంతే.

ఆ కార్పెంటర్‌ది కరీంనగర్ వైపు. చెవి మీద పెన్సిలు, జేబులో మడత పెట్టిన గరుకు కాగితం. నా డ్రాయింగ్‌ని ప్లైవుడ్ కట్ట మీద పరిచి, నాలుగు మూలలా మేకులు బరువు పెట్టి, కాసేపు చూశారు.

"మంచిగున్నది మేడమ్. షీటు ఎనిమిది అడుగులే వస్తది. తొమ్మిదో అడుగు యాడికెల్లి తేవాలె?"

వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ప్లైవుడ్ షీటు ఎనిమిదికి నాలుగు అని నాకు తెలియదా? పరీక్షలో రెండు మార్కులకు రాశాను కూడా. పరీక్షలో రాసిన ఎనిమిదికీ తెర మీద గీసిన తొమ్మిదికీ ఏదో సంబంధం ఉంటుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

కింద ఏడడుగులు, పైన అటక రెండడుగులు అని వార్డ్‌రోబ్‌ని విడగొట్టడం పాతకాలపు అలవాటు అనుకునేదాన్ని. ఆ రోజు ఆయన దగ్గర కూర్చుంటే తెలిసింది, దాని వెనక చాలా లెక్క ఉందని. ఏడడుగులంటే గది గుమ్మం ఎత్తు, కాబట్టి ఆ గీతా ఈ గీతా కలుస్తాయి. షీటులో ఏడడుగులు పోగా మిగిలిన అడుగు ముక్క సొరుగులకు పనికొస్తుంది. పైగా ఏడడుగుల తలుపు లిఫ్టులో పడుతుంది. తొమ్మిదడుగులది అయితే పదకొండు అంతస్తులూ మెట్ల మీద, మలుపు మలుపుకీ గోడకు తగలకుండా మొయ్యాలి. "మోసేటోళ్ల కూలి దీంట్ల రాసినవా?" అని కాగితం మీద వేలు పెట్టి అడిగారు. రాయలేదు.

లోతు సంగతి ఇంకా బాగుంటుంది. చొక్కా తగిలించే హ్యాంగర్ సుమారు 18 అంగుళాలు ఉంటుంది, అందుకని వార్డ్‌రోబ్ లోతు 24 అంగుళాలు అంటాం. నాలుగడుగుల వెడల్పు షీటును నిలువునా రెండుగా చీలిస్తే 24, 24. లెక్క సరిపోయిందని నేను సంబరపడుతుంటే ఆయన అన్న మాట: "మరి రంపం తినదా?" బ్లేడు నడిచిన దారిలో దాదాపు ఒక సూత్ పొట్టు అయిపోతుంది. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మనం డ్రాయింగ్ అంతా మిల్లీమీటర్లలో పెడతాం, సైట్‌లో నడిచేది మాత్రం సూత్‌లే. రెండు ముక్కలూ 24 ఉండాలని పట్టుబడితే రెండో ముక్క కోసం ఇంకో షీటు కోయాలి. అప్పటి నుంచి నేను 23 ముప్పావు అని రాస్తున్నాను. ఆ పావు అంగుళం లేదని ఇంతవరకూ ఏ చొక్కా కంప్లైంట్ చేయలేదు.

ఆ తప్పు కాగితం మీదే ఆగింది. రెండోదానికి మాత్రం డబ్బులు పోయాయి.

పిల్లల గదిలో రెండు గోడల మధ్య గూడులాంటి ఖాళీ ఉంది. కొలత నేనే తీసుకున్నాను. నడుము ఎత్తులో టేపు పట్టి చూస్తే 6 అడుగుల 2 అంగుళాలు. రాసుకున్నాను, గీశాను, ఫ్యాక్టరీకి పంపాం. ఎడ్జ్ బ్యాండింగ్, అంటే ప్లైవుడ్ అంచులకు పట్టీ అతికించడం, అంతా అయి బాక్సులు వచ్చాయి. నిలబెట్టి లోపలికి తోస్తే అడుగున చక్కగా దూరింది, పైన గోడకు తగిలి ఆగింది. నలుగురు తోసినా కదల్లేదు. గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకపు గుండు వేలాడదీసి చూస్తే, పైకి వెళ్లేకొద్దీ గోడ లోపలికి వంగి ఉంది. మొత్తం ఆరు సూత్‌లు, అంటే ముప్పావు అంగుళం. కంటికి ఆనదు, చేత్తో తడిమినా తెలియదు.

ఎడ్జ్ బ్యాండింగ్ అయిన ప్యానెల్‌ని సైట్‌లో చెక్కితే అంచు పాడైపోతుంది. బాక్సులు విప్పి, అడ్డ ప్యానెళ్లన్నీ మళ్లీ చేయించాల్సి వచ్చింది. గృహప్రవేశానికి ముహూర్తం ముందే పెట్టేసుకున్నారు. నా టెన్షన్ మీరే ఊహించుకోండి. ముహూర్తం రోజు వార్డ్‌రోబ్ ఉండాల్సిన చోట పూల దుప్పటి కట్టి, ముందు టెంట్‌హౌస్ కుర్చీలు పేర్చారు. వ్రతం జరిగినంతసేపూ నేను ఆ దుప్పటికేసి చూడకుండా కూర్చున్నాను.

మా సార్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. మరుసటి సైట్‌కి నన్ను ఆ కార్పెంటర్ వెంట పంపారు. వెడల్పు అడుగున ఒకసారి, నడుము దగ్గర ఒకసారి, పైన ఒకసారి కొలవాలి. లోతు రెండు పక్కలా, ఎత్తు రెండు మూలల్లో చూడాలి. వచ్చినవాటిలో అన్నిటికన్నా తక్కువదాన్ని పట్టుకుని, ఇంకాస్త తగ్గించి గీయాలి. మిగిలిన సందు ఫిల్లర్ పట్టీతో మూసేస్తారు. మూల గునియాలో, అంటే సరిగ్గా లంబకోణంలో, ఉందో లేదో చూడటానికి ఆయన గునియా (మూలమట్టం) కూడా బయటికి తీయలేదు. మూల నుంచి ఒక గోడ మీద మూడడుగుల దగ్గర, రెండో గోడ మీద నాలుగడుగుల దగ్గర పెన్సిలుతో గీతలు పెట్టి, ఆ రెండిటికీ టేపు పట్టారు. సరిగ్గా ఐదడుగులు రావాలి. ఐదడుగుల నాలుగు సూత్‌లు వచ్చింది. "మూల తెరుసుకున్నది బిడ్డా" అన్నారు. పైథాగరస్ పేరు ఆయన విన్నారో లేదో నేను అడగలేదు.

వంటగట్టు దగ్గర మాత్రం గోడలతో పేచీ రాలేదు.

ఆ ఇంట్లో అత్తా కోడళ్లు ఇద్దరూ వంట చేస్తారు. మామూలుగా గట్టు ఎత్తు 34 అంగుళాలు పెడతాం, నేనూ అంతే గీశాను. అత్తగారు ఐదడుగులకు తక్కువే ఉంటారు. డ్రాయింగ్ చూపిస్తే "బాగుందమ్మా" అన్నారు. ఏం చూపించినా బాగుందమ్మా అనే మనిషి. తర్వాత సామాన్ల లెక్క కోసం వాళ్ల పాత ఇంటికి వెళ్లిన రోజు ఆవిడ చపాతీలు ఒత్తుతున్నారు. గట్టు ముందు చెక్క పీట వేసుకుని, దాని మీద నిలబడి. పీట మధ్యలో రెండు పాదాల మేర రంగు పోయి నున్నగా అరిగి ఉంది. ఎన్నాళ్ల నుంచండీ అంటే, ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ అన్నారు. నాలుగు మీటింగులు జరిగాయి, ఆ పీట మాట ఒక్కసారీ రాలేదు. అది ఇంటీరియర్ వాళ్లకు చెప్పాల్సిన విషయమని ఆవిడకు తోచలేదు, అడగాలని నాకూ తోచలేదు.

మోచెయ్యి మడిచి నిలబడితే, గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉండాలి. ఆవిడకు కొలిస్తే 31 వచ్చింది. సరే తగ్గిద్దామంటే, కోడలు అప్పటికే డిష్‌వాషర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశారు. దాని ఎత్తే 82 నుంచి 85 సెంటీమీటర్లు. గ్రానైట్ మందం పోగా 34 అంగుళాల గట్టు కిందే ఇరుకుగా పడుతుంది, 31 అయితే ఆశ వదులుకోవడమే. రెండు రోజులు తల పట్టుకుని, చివరికి గట్టును రెండు ఎత్తుల్లో కట్టాం. సింకు, డిష్‌వాషర్ వైపు 34, స్టవ్వూ పిండి కలిపే చోటూ 31. గ్రానైట్ అంచులకు పాలిష్ ఖర్చు పెరిగింది. రెండర్‌లో ఆ మెట్టు అందంగా లేదు, ఒప్పుకుంటాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకునే ఫొటో కాదది. కొత్త ఇంట్లోకి పీట రాలేదు.

అందుకే ఇప్పుడు ఏ ఇల్లు మొదలుపెట్టినా ముందు పాత ఇంటి వంటగదిలో అరగంట నిలబడతాను. ఆవకాయ జాడీ ఏ అరలో ఉంది, గ్రైండర్‌ని ఎవరు ఎత్తి దించుతున్నారు, రోజూ వాడే గిన్నెలు అరలో ఉన్నాయా లేక కడిగి బోర్లించే బుట్టలోనే ఉండిపోతున్నాయా? క్లయింటు నోటితో చెప్పనివి అక్కడ కనిపిస్తాయి.

మార్కెట్ గురించి ఎక్కువ చెప్పను, మీరే తిరగాలి. ప్లైవుడ్, హార్డ్‌వేర్‌కి రాణీగంజ్, కరెంటు సామానుకి ట్రూప్ బజార్. షాపులో ప్రతి షీటూ "వాటర్‌ప్రూఫే మేడమ్" అంటారు. మీరు షీటు మీద ముద్ర చదవండి. సింకు కిందికి ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే తడికి తట్టుకునే ప్లైవుడ్, కావాలి. 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదని దానికి పరీక్ష ఉంది. ప్లైవుడ్ మీద అతికించే రంగు షీటు, అదే లామినేట్, దాని శాంపిల్ షాపు లైట్ల కింద చూసి ఖాయం చేయకండి. ఇంటికి తెచ్చి, సాయంత్రం లైటు వేశాక ఒకసారి చూడండి. గోధుమ రంగు అనుకున్నది గులాబీగా తేలడం నేను చూశాను.

ఇంకో మాట, మీ మేడమ్ ఏమనుకున్నా సరే. నాకు స్టైపెండ్ ఇవ్వలేదు. నేర్పిస్తున్నాం కదా అన్నారు. నిజమే, నేర్పించారు. నేను గీసిన డ్రాయింగ్‌లకు క్లయింటు దగ్గర బిల్లు కూడా వేశారు. ఇప్పుడు నా ఆఫీసులో ఇంటర్న్‌లకు ఎంతో కొంత ఇస్తున్నాను, పెద్ద మొత్తమేమీ కాదు. చేరే ముందు మొహమాటపడకుండా డబ్బు సంగతి అడగండి. దాంతోపాటు వారంలో ఎన్ని రోజులు సైట్‌కి పంపుతారో అడగండి. ఈ రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే, ఆర్నెల్లూ మీరు ఏసీలో కూర్చుని ప్రింట్లు తీస్తారని అర్థం.

ఆ కార్పెంటర్ ఇప్పుడు నాతో పనిచేస్తున్నారు. మొన్న మా కొత్త ఇంటర్న్ పది అడుగుల టీవీ ప్యానెల్ గీసుకొచ్చింది, ఒకే ముక్కలో, మధ్యలో గీత లేకుండా. నేను చూసి ఏమీ అనలేదు. ప్రింట్ తీసి ఆయనకు చూపించమన్నాను.

ప్రశ్నలుంటే అడగండి. మైకు అటు పంపిస్తున్నాను.