మన వెంట తిరిగే నంబరు
(ఒక శాఖా గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, వెనక నిలబడి వింటున్న ఇంటర్ పిల్లలకు నమస్కారం.

లోపలికి వస్తూ కౌంటరు దగ్గర కాసేపు ఆగాను. ఒకావిడ పుస్తకం తిరిగిచ్చి ఇంకోటి తీసుకెళ్లారు. అదేం పుస్తకమో నేను చూడలేదు, చూడకూడదు కూడా. రిజిస్టర్లో రాసుకున్నారు, అక్కడితో సరి. ఆవిడ ఏం చదువుతున్నారో ఎదురుగా ఉన్న మందుల షాపుకో, చీరల కొట్టుకో ఎవరూ కబురు పెట్టరు. ఈ మర్యాద మనకు ఎంత అలవాటైపోయిందంటే, అదొకటి ఉందని కూడా గుర్తుండదు. చేతిలోని ఫోన్లో మాత్రం ఆ మర్యాద లేదు.

మా మేనకోడలి సంగతి చెబుతాను. తనే చెప్పమంది. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఒక రాత్రి సంతాన చికిత్స గురించి రెండు మూడు సైట్లు చదివింది, ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు వాళ్లత్తగారు వంటల సైటు చూద్దామని అదే ఫోను తీసుకున్నారు. గుత్తొంకాయ కూర పాళ్లకీ తయారీకీ మధ్యలో సంతాన సాఫల్య కేంద్రం ప్రకటన. కిందికి జరిపితే మళ్లీ అదే. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, ఫోను బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం పిల్ల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "మామయ్యా, నేను చదివింది వంటల సైటుకు ఎలా తెలిసింది?" అంది.

వంటల సైటుకు తెలియదు. తెలిసింది ఇంకొకరికి. అదెలాగో చెబుతాను.

గుడికి వెళితే చెప్పుల స్టాండులో చెప్పులు వదిలి టోకెన్ తీసుకుంటాం. ఆ అబ్బాయికి మన పేరు అక్కర్లేదు, నంబరు చూసి మన చెప్పులు మనకిస్తాడు. కుకీ అంటే ఆ టోకెనే. వెబ్‌సైటు మన బ్రౌజర్లో, అంటే సైట్లు తెరవడానికి వాడే క్రోమ్ లాంటి యాప్‌లో, దాచిపెట్టే చిన్న అక్షరాల ముక్క. తెరిచి చూస్తే ఐడీ అని ఒక మాట, దాని ఎదురుగా మనకు అర్థంకాని అంకెలూ అక్షరాలూ, ఒక గడువు తేదీ ఉంటాయి. ఇంకోసారి ఆ సైటుకు వెళ్లగానే బ్రౌజరు తనంతట తానే ఆ నంబరు అప్పజెబుతుంది. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు దీన్ని తయారుచేశారు. అప్పటిదాకా వెబ్‌సైటుకు జ్ఞాపకం ఉండేది కాదు. కొనదలిచిన వస్తువు బుట్టలో వేసి పక్క పేజీకి వెళితే, వచ్చింది అదే మనిషని దానికి తెలిసేది కాదు. ఆ లోటు తీర్చడానికి పుట్టింది కుకీ. ఈరోజుకీ లాగిన్ నిలబడాలంటే అది కావాలి. దాన్ని నేను తప్పుపట్టను.

తప్పు జరిగేది వేరేచోట. మనం చూసే ఒక్క పేజీ ఒక్కచోటు నుంచి రాదు. వార్త వార్తా సంస్థ నుంచి, ప్రకటన ప్రకటనల కంపెనీ నుంచి వస్తాయి. ఆ ప్రకటనతోపాటు ఆ కంపెనీ తన టోకెన్ కూడా పెట్టేస్తుంది. అదే కంపెనీ ఆసుపత్రి సైటులోనూ, వంటల సైటులోనూ, ఉద్యోగాల సైటులోనూ ఉంటే, అన్నిచోట్లా అదే నంబరు కనబడుతుంది. ఊళ్లో ప్రతి గుమ్మం దగ్గరా ఒకే మనిషి కూర్చుని, ఫలానా నంబరు ఎక్కడికి వెళ్లింది, ఎంతసేపు ఉంది అని ఒకే పుస్తకంలో రాసుకుంటున్నట్టు. దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు. మా పిల్ల కన్నీటికి కారణం ఇదే.

ఈ ప్రమాదం ముందుగా ఎవరూ ఊహించలేదు అంటే నేను ఒప్పుకోను. 1997లో కుకీలకు రాసిన మొదటి ప్రమాణ పత్రంలోనే, ఇలాంటి బయటివారి కుకీలను వాడేవాడు కోరితే తప్ప బ్రౌజర్లు అనుమతించకూడదని ఉంది. రాసిన ఇద్దరిలో మాంటుల్లి ఒకరు. ఆనాటి పెద్ద బ్రౌజర్లు ఆ మాట పాటించలేదు. ఆపిల్ వారి బ్రౌజరు సఫారీ వాటిని పూర్తిగా ఆపింది 2020లో. గూగుల్ కూడా క్రోమ్‌లో తీసేస్తామని అదే ఏడాది ప్రకటించి, వాయిదాలు వేసి, 2024లో ఆ ఆలోచన మానుకుంది. మన ఫోన్లలో ఎక్కువగా ఉండేది క్రోమే కదా!

ఇక సైటు తెరవగానే కుకీలకు అనుమతి అడుగుతూ వచ్చే "యాక్సెప్ట్ ఆల్" బొత్తం. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి నాలుగు పేజీలు. ఇది మోసమనే నేనంటాను. ఫ్రాన్స్‌లో సమాచార రక్షణ సంస్థ సరిగ్గా ఈ కారణంతోనే 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

మన దగ్గర 2017 ఆగస్టు 24న, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమంది గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. కంపెనీల ముఖ్య బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడినుంచి 18 నెలల గడువిచ్చారు. ఆ చట్టంలో రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. ఆ సమ్మతి ఏమిటో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలు మనకు ఉండాలి. అది అమల్లోకి వచ్చాక తెలుగులో చూపించమని అడగండి. అడగకపోతే ఎవరూ పెట్టరు.

పిల్లలు, బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో అనే రహస్య కిటికీ ఉందిగా అంటారు. అది మీరు చూసిన సైట్ల జాబితా మీ ఫోన్లో మిగలకుండా చూస్తుంది, ఆ కిటికీ మూయగానే కుకీలు పోతాయి. కానీ మీరు వెళ్లిన సైటుకూ, నెట్ ఇచ్చే కంపెనీకీ మీరు కనబడుతూనే ఉంటారు. కుకీ లేకుండా కూడా, స్క్రీన్ కొలత, ఫాంట్లు, ఫోన్ మోడల్ అన్నీ కలిపి మనిషిని గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది, వేలిముద్ర తీసినట్టు. దాన్ని పూర్తిగా ఆపడం కష్టం. అయినా ఆపగలిగింది ఆపుదాం.

ఫోన్లు బయటికి తీయండి. క్రోమ్ తెరవండి. పైన కుడిపక్క మూడు చుక్కలు నొక్కితే సెట్టింగ్స్ వస్తుంది. కిందికి జరిపితే సైట్ సెట్టింగ్స్, అందులో థర్డ్ పార్టీ కుకీస్. బ్లాక్ అన్నది ఎంచుకోండి. లాగిన్లు మామూలుగా ఉంటాయి, ఎక్కడో ఒక సైటు మొరాయిస్తే దానికి ఒక్కదానికే అనుమతి ఇవ్వచ్చు. ఫైర్‌ఫాక్స్ వాడేవారికి ఈ పని లేదు, అది ఏ సైటు కుకీలను ఆ సైటుకే వేరు డబ్బాలో పెట్టి ఉంచుతోంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్, దానిలో యాడ్స్ అని ఉంటుంది. అక్కడ డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ నొక్కండి. యాప్‌లు మనల్ని గుర్తుపట్టే నంబరు అదే.

మూడో వరుసలో ఉన్న అమ్మా, మీకు ఆ మూడు చుక్కలు కనబడుతున్నట్టు లేదు. ఉండండి, నేనే కిందికి వస్తాను. ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి, ఎక్కడ నొక్కాలో చెబుతాను.