మనిషికో గడువు, బండికో గడువు

అందరికీ నమస్కారం. ఇంజిన్ల గురించి, టైర్ల గురించి పొద్దుటి నుంచి చాలా విన్నారు. నాకు అప్పగించింది, బైకు మీద దేశాల సరిహద్దులు దాటేటప్పుడు కావాల్సిన కాగితాల సంగతి. నిద్ర వస్తే ఆపుకోకండి, ఛాసిస్ నంబరు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం లేవండి.

సరిహద్దు చౌకీలో సాధారణంగా రెండు కిటికీలుంటాయి. ఒకటి ఇమిగ్రేషన్, రెండోది కస్టమ్స్. పాస్‌పోర్టు మీద ముద్ర పడగానే పని అయిపోయిందనుకుని బండెక్కి వెళ్ళిపోయినవాళ్ళను చూశాను. ఇమిగ్రేషన్ వారికి మీరు అతిథి. కస్టమ్స్ వారికి మీ బైకు సుంకం కట్టకుండా లోపలికొచ్చిన సరుకు. దాన్ని అక్కడే అమ్ముకుని చేతులు ఊపుకుంటూ వెళ్ళిపోతారేమోనని వారి అనుమానం. పర్మిట్ల గొడవంతా ఆ అనుమానం నుంచే పుట్టింది.

అందుకే మీ గడువు వేరు, బండి గడువు వేరు. అర్జెంటీనాలో చాలా దేశాల పర్యాటకులకు 90 రోజులిస్తారు, వారి బండికి 8 నెలల దాకా ఇస్తారు. యూరప్‌లో షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల కూటమి) లెక్క ఇంకో రకం. ఏ రోజు చూసినా, ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజుల్లో మీరున్నవి 90 దాటకూడదు. వచ్చిన రోజూ, వెళ్ళిన రోజూ లెక్కలోకి వస్తాయి. ఒక్కరోజు బయటికి వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుందనుకోవడం భ్రమ. యూరోపియన్ యూనియన్ బయట నమోదైన మీ బండికి మాత్రం సాధారణంగా 6 నెలలుంటుంది. అంటే మనిషి వెళ్ళిపోవాల్సిన రోజు వస్తుంది, బండికి ఇంకా సమయం మిగిలే ఉంటుంది. అయితే బండిని వదిలేసి విమానమెక్కుదామంటే అన్నిచోట్లా కుదరదు. తుర్కియే (టర్కీ)లో వాహనాన్ని మీ పేరు మీద నమోదు చేస్తారు. దాన్ని కస్టమ్స్‌కు అప్పగించకుండా సాధారణంగా ఒంటరిగా దేశం దాటనివ్వరు. బండి చెడిపోయిందన్నా వినరు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, నడవని బండికీ ముద్ర కావాల్సిందే.

ఇక కార్నె. పూర్తి పేరు కార్నె ద పసాజ్ ఆన్ దువాన్. ఇరాన్, పాకిస్తాన్, భారత్, ఈజిప్టు వైపు వెళ్ళేవారికి సాధారణంగా ఇది తప్పదు. బండికి పాస్‌పోర్టు అంటుంటారు గానీ, నిజానికి ఇది పూచీకత్తు పుస్తకం. మీరు బండిని వెనక్కి తీసుకెళ్ళకపోతే ఆ దేశానికి సుంకం కడతామని మీ ఆటోమొబైల్ క్లబ్బు హామీ ఉంటుంది. ఆ హామీ కోసం మీ దగ్గర డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో పెట్టించుకుంటుంది. వెళ్ళే దేశాలను బట్టి అది బండి విలువను మించే సందర్భాలూ ఉన్నాయి. పుస్తకం ఏడాది చెల్లుతుంది. ప్రతి పుటలో మూడు భాగాలు: లోపలికి వెళ్ళేటప్పుడు ఒక ముక్క చింపుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు రెండోది. మూడోది పుస్తకంలోనే ఉంటుంది, దాని మీద రెండు ముద్రలూ పడాలి. డిపాజిట్ తిరిగి రావడం ఆ రెండో ముద్ర మీదే ఆధారపడి ఉంటుంది.

లాటిన్ అమెరికాలో కార్నె అడగరు, సరిహద్దులోనే తాత్కాలిక దిగుమతి పర్మిట్ రాసిస్తారు. మెక్సికోలో దానికి డిపాజిట్ కూడా ఉంది: 2007 లేదా ఆ తర్వాతి మోడలైతే 400 డాలర్లు. బయటికి వెళ్ళేటప్పుడు పర్మిట్ రద్దు చేయించుకుంటేనే అది వెనక్కి వస్తుంది. బాహా కాలిఫోర్నియాలో మాత్రం పర్మిట్ అక్కర్లేదు.

ఇప్పుడు లేవండి. ఒక సరిహద్దులో నా పర్మిట్ మీద ఛాసిస్ నంబరులో 3 బదులు 8 పడింది. చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాను. మూడు వారాల తర్వాత ఆ దేశం దాటేటప్పుడు అధికారి హ్యాండిల్ కిందికి వంగి నంబరు చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ వంగాడు. "ఈ బండి మా దేశంలోకి రాలేదు" అన్నాడు. దాని మీదే కూర్చుని ఉన్నాను! కాగితంలో ఉన్న బండేమో బయటికి పోలేదు. ఒక్క అంకెకు రెండు నేరాలు. నేను వచ్చిన చౌకీతో మాట్లాడి సరిదిద్దేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. అప్పటి నుంచి కిటికీ దగ్గరే నిలబడి 17 అక్షరాలనూ వేలు పెట్టి చదువుతాను. వెనక వరుసలో ఎంతమంది విసుక్కున్నా సరే. ఒక ఆనవాలు చెబుతాను: 17 అక్షరాల నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ ఉండవు. ఒకటి, సున్నాలతో పొరబడకుండా వాటిని తీసేశారు. మీ పర్మిట్‌లో ఓ కనిపిస్తే అది తప్పే.

బండి వేరొకరి పేరు మీద ఉంటే నోటరీ చేయించిన అనుమతి పత్రం ఉండాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లలో 1949 రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కింద ఇచ్చినది ఏడాది, 1968 ఒప్పందం కింద ఇచ్చినది గరిష్ఠంగా మూడేళ్ళు చెల్లుతుంది. జపాన్ మొదటిదాన్నే ఒప్పుకుంటుంది, కాబట్టి మీ దగ్గరున్నది ఏదో చూసుకోండి. చైనాలోకి సొంత బండితో వెళ్ళాలంటే సాధారణంగా గైడు, తాత్కాలిక నంబరు ప్లేటు ఉండాలి. ఆ ఖర్చు పంచుకోవడానికే చాలామంది గుంపుగా వెళతారు.

ఇ-వీసా గురించి ఒక్క మాట. అది చెల్లే చౌకీల జాబితా వేరే ఉంటుంది. విమానాశ్రయాలన్నీ ఉండి, మీరు వెళ్ళే రోడ్డు సరిహద్దు అందులో లేకపోవచ్చు. తేదీల కన్నా ముందు ఆ జాబితా చూడండి.

నా పాత కార్నె ఒకటి ఈ బల్ల మీద ఉంచుతున్నాను, చేతిలోకి తీసుకుని చూడండి. నాలుగో పుటలో బయటికి వచ్చిన ముద్ర లేదు. చీకటి పడుతోందని తొందరపడ్డాను. బండి ఇంటికి చేరిందని మా కస్టమ్స్ వారితో తనిఖీ చేయించి, ధ్రువపత్రం తీసుకుని క్లబ్బుకు పంపాల్సి వచ్చింది. డిపాజిట్ నాలుగు నెలల తర్వాత వచ్చింది. ఇక మీ ప్రశ్నలు అడగండి.