చూపు లేకపోవడం, చూడకపోవడం

శ్రోతలకు నమస్కారం.

అంధత్వమనే మాటకు వైద్యులు చెప్పే అర్థం ఒకటి, మనం రోజూ వాడే అర్థం మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, మామూలు చూపున్నవారు 60 మీటర్ల దూరం నుంచి గుర్తించే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వచ్చినా గుర్తించలేని స్థితి అంధత్వం. ఆ మాట కిందికి వచ్చేవారిలో వెలుగునీడల తేడా తెలిసేవారూ, ఎదుటి మనిషి కదలికను పోల్చుకునేవారూ ఉంటారు. మన వాడుకకు ఇంత కొలత లేదు. వెలుగు తగ్గిన దీపం గుడ్డి దీపం, చెల్లని గవ్వ గుడ్డిగవ్వ. ఇవి వస్తువుల గురించిన మాటలు కనుక వాటితో నాకు పేచీ లేదు. గుడ్డి నమ్మకం, గుడ్డి ద్వేషం, గుడ్డి ప్రేమ అన్నప్పుడే ఆగి ఆలోచించాలనిపిస్తుంది.

గుడ్డి ప్రేమకు ఉదాహరణ అడిగితే చాలామంది ధృతరాష్ట్రుడి పేరే చెబుతారు. పుట్టుకతో చూపు లేనివాడు, పుత్రవాత్సల్యంతో మంచిచెడ్డలు కానరానివాడు అంటూ రెండు అంధత్వాలనూ ఒకే మనిషిలో కలిపేస్తారు. వ్యాస భారతం సభాపర్వంలోని జూదం ఘట్టాన్ని ఒకసారి నెమ్మదిగా తలచుకుందాం. ధర్మరాజు సంపదను ఒడ్డాడు, తమ్ములను ఒడ్డాడు, తననూ ఒడ్డి ఓడిపోయాడు. శకుని రెచ్చగొట్టగా చివరికి ద్రౌపదిని పణంగా పెట్టాడు. సభలోని వృద్ధులు ఛీ, ఛీ అన్నారు. భీష్మ ద్రోణ కృపులకు చెమటలు పట్టాయి. విదురుడు తల పట్టుకుని ప్రాణం పోయినవాడిలా ఉండిపోయాడు. సరిగ్గా ఆ సమయంలో ధృతరాష్ట్రుడు, లోపలి సంతోషాన్ని దాచుకోలేక, "గెలిచారా? గెలిచారా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

ఆ ప్రశ్నను గమనించండి. పాచిక ఎలా పడిందో కనిపించదు కనుక అడిగి తెలుసుకుంటున్నాడు. ఏమి ఒడ్డారో విన్నాడు, ఎవరిని ఒడ్డారో విన్నాడు, ఈ ఆట వంశనాశనానికి దారి అని విదురుడు ముందే చేసిన హెచ్చరికనూ విన్నాడు. కన్ను చెప్పవలసినదంతా చెవి చెప్పింది. తెలిసీ ఆపలేదు, తెలిసీ సంతోషించాడు. చెమటలు పట్టిన పెద్దలకు కళ్ళున్నాయి, వారూ ఆపలేదు. ఆ సభలో జరిగిన తప్పును కంటి మీదికి నెట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

నిజానికి చూపు లేనివారి జీవితమంతా తెలుసుకోవాలనే ప్రయత్నమే. అడుగుతారు, తడుముతారు, చెవి ఒగ్గి వింటారు. పసితనంలోనే చూపు కోల్పోయిన లూయీ బ్రెయిల్ 1824 నాటికి, పదిహేనేళ్ళ వయసులో, వేలితో చదివే చుక్కల లిపిని రూపొందించాడు. మనం "గుడ్డిగా" అనే మాటతో నిందించేది మాత్రం, తెలుసుకునే వీలుండీ తెలుసుకోని మనిషిని. "కళ్ళుండీ కబోది" అనే నానుడి ఈ తేడాను కొంత పట్టుకుంది. అయినా అందులో తిట్టుగా మిగిలినది కబోది అనే మాటే.

అందుకే రాసేవారికి, ముఖ్యంగా వార్తలు రాసేవారికి, ఒక్క విన్నపం. "గుడ్డిగా" అనే మాట కలం మీదికి వచ్చినప్పుడు, ఆ మనిషి ఏ పని చేయకుండా వదిలేశాడో ఆ పని పేరే రాయండి. "గుడ్డిగా సంతకం చేశాడు" అనే చోట "చదవకుండా సంతకం చేశాడు" అనండి. చూపు లేని వ్యక్తి సంతకం పెట్టే ముందు ఆ కాగితాన్ని ఎవరిచేతనైనా చదివించుకుంటాడు, లేదా ఫోన్‌లో చదివించుకుని వింటాడు. అలాగే "గుడ్డిగా నమ్మారు" అనే చోట "విచారించకుండా నమ్మారు" అనవచ్చు, "గుడ్డిగా అనుసరించారు" అనే చోట "ప్రశ్నించకుండా అనుసరించారు" అనవచ్చు. ఎవరు ఏ బాధ్యతను వదిలేశారో అప్పుడు చదివేవారికి సూటిగా తెలుస్తుంది.