చప్పట్లు తీసేస్తే బతుకమ్మ పాటలో ఏం మిగులుతుంది: పాత క్యాసెట్ల ఎపిసోడ్

శ్రీధర్: ఆ, రికార్డ్ అవుతోంది. నమస్తే అందరికీ, హన్మకొండ నుంచి శ్రీధర్, పక్కన మా వనజక్క. ఇవాళ్టి టాపిక్ పోయినసారే చెప్పినం కదా, కాలేజీ రోజుల్లో విన్న సినిమా పాటలు ఇప్పుడు మళ్ళీ వింటే ఎట్లా ఉన్నాయని. మన శ్రోత, టేబుల్ ఫ్యాన్ అన్న అని పిలుస్తాం కదా, ఆయనైతే అప్పుడే లిస్ట్ పంపేశాడు.

వనజ: మొత్తం ఇళయరాజానేనా?

శ్రీధర్: ఇంకెవరుంటారు?

వనజ: నాకైతే 1992 తర్వాత రెహమాన్ పాటలు వచ్చిన రోజులే గుర్తు. మన టేప్ రికార్డర్‌కు ఒకటే స్పీకర్, కింద మోగే బేస్ అసలు వినపడేదే కాదు. మొన్న మా పిల్ల హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే, ఇన్నేళ్ళూ సగం పాటే విన్నామా అనిపించింది. బాధ కాదు, సంతోషమే, తెలిసిన ఇంట్లో ఇంకో గది దొరికినట్టు.

శ్రీధర్: దానికితోడు స్పీడ్. బెల్ట్ సాగిపోయి ఉండేది అక్కా.

వనజ: అయిపోయింది, బెల్ట్ దగ్గరికి వచ్చేశాడు.

శ్రీధర్: విను మరి. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. లోపలి రబ్బరు బెల్ట్ వదులైతే అంత వేగంగా నడవదు, పాట నిదానంగా, గొంతు కొంచెం కిందికి దిగి వస్తుంది. మనకు అదే అలవాటైంది. ఇప్పుడు ఫోన్‌లో అదే పాట పెడితే బాలు గారిని ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది నాకు. ఇగ రికార్డింగ్ సెంటర్‌లో చేయించినవి ఇంకో రకం. మనం చీటీ మీద రాసిచ్చిన వరుసలో నింపేవాడు, సిక్స్‌టీ క్యాసెట్ అంటే ఒక్కో వైపు 30 నిమిషాలే కాబట్టి చివరి పాట రెండో చరణంలో తెగేది. ఆ పాట ఇప్పుడు పూర్తిగా విన్నా సరే, చెవి అక్కడ ఆగిపోతుంది.

వనజ: సరే, సినిమా పాటలు ఉండనీ. కుమార్‌పల్లి క్యాసెట్ సంగతి చెప్పు, నేను రాత్రి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నా.

శ్రీధర్: కుమార్‌పల్లిలో పెద్దమ్మ వాళ్ళ ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువా మీద సంచిలో దొరికింది. ఎవరో లేబుల్ మీద పెన్నుతో 'బతుకమ్మ' అని రాసి ఉంచారు, సంవత్సరం లేదు. నైంటీ క్యాసెట్, బూజు పట్టింది, లోపల టేపును నొక్కి ఉంచే ఆ చిన్న మెత్త కూడా ఊడిపోయింది. స్క్రూలు విప్పి టేపు చుట్టలు రెండూ తీసి ఇంకో క్యాసెట్ పెట్టెలోకి మార్చిన. వేస్తే ఏముంది, మన వాడకట్టు ఆడవాళ్ళంతా ఉన్నారు అందులో.

వనజ: పెద్దమ్మ చెప్తుంటే మిగతావాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటున్నారు. కానీ మొదట విన్నప్పుడు అది పెద్దమ్మ అని నేను నమ్మలేదు, చిన్నపిల్ల గొంతులా ఉంది.

శ్రీధర్: అదే నేను చెప్పేది! రికార్డ్ చేసిన మిషన్ బెల్ట్ వదులుగా ఉంది, టేపు నిదానంగా నడిచింది. దాన్ని సరైన మిషన్‌లో వేస్తే గొంతు పైకి పోతుంది. అప్పుడు కిటికీలోంచి వైరు లాగి కరెంటు మీదనే పెట్టారు కదా, ఆ కరెంటు హమ్, అదే గుయ్‌మనే చప్పుడు, అది కూడా టేపులో పడింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, కంప్యూటర్‌లో చూస్తే ఆ హమ్ 53 చూపిస్తోంది. దాన్ని 50కి దించితే మనిషి గొంతు ఆ మనిషి గొంతవుతుంది. అప్పట్లో లోడ్ ఎక్కువైతే కరెంటు కూడా 50 ఉండేది కాదనుకో, అందుకే చివరికి అక్క చెవి మీద వదిలేసిన.

వనజ: వాడు మెల్లగా దించుకుంటూ వస్తున్నాడు. ఒకచోట 'ఇదే' అన్నా. నా నోటి నుంచి ఆ మాట ఒక్కటే వచ్చింది.

శ్రీధర్: ఊఁ.

వనజ: ఇప్పుడు గొడవ. నేను ఏమంటున్నానంటే ఆ సర్రుమనే శబ్దం తీసెయ్, స్కూటర్ చప్పుడు తీసెయ్, మధ్యలో పెద్దమ్మ 'పిల్లా, నీళ్ళు తే' అంటుంది, అది కూడా తీసెయ్. పాట శుభ్రంగా ఉంటే ఈసారి పద్మాక్షి గుట్ట దగ్గర మా వాడకట్టు పిల్లలు నేర్చుకుని పాడతారు. ఇప్పుడు డీజే పెట్టి ఏడాదికో కొత్త పాట వేస్తున్నారు, ఎగురుతున్నారు, ఒక్కరి నోరు కూడా కదలట్లేదు. తంగేడు, గునుగు తెచ్చి అంత కష్టపడి పేరుస్తారు, పాట మాత్రం బాక్సుల్లోంచా?

శ్రీధర్: నేర్పించు అక్కా, వద్దన్నానా? కానీ శుభ్రం చేస్తే పోయేది శబ్దం ఒక్కటే కాదు. నిన్న చేసి చూసిన. సాఫ్ట్‌వేర్‌కు టేపు రొదను చూపించి 'ఇట్లాంటిది తీసెయ్' అంటాం. చప్పట్లు కూడా ఆ రొద లాగే కింది నుంచి పై దాకా పరుచుకునే శబ్దమే. రొదతో పాటు వాటి పదును కూడా కోసేసింది. ముప్పై మంది ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతూ కొట్టిన చప్పట్లు తడిగుడ్డ మీద కొట్టినట్టు వచ్చాయి. పెద్దమ్మ గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టుంది.

వనజ: కొంచెమే తీయొచ్చు కదా.

శ్రీధర్: కొంచెమే తీస్తా. నీళ్ళ మాట మాత్రం తీయను.

వనజ: అది పాటలో లేదురా!

శ్రీధర్: ఆ పిల్ల నువ్వే కదా!

వనజ: నేనే. అందుకే తీయమంటున్నా. అది నాకు, నీకు. వినే పిల్లలకు దాంతో ఏం పని? పెద్దమ్మకు ఎవరైనా పాట తప్పు పాడితే కోపం వచ్చేది, తన గొంతు దాచిపెట్టమని ఎప్పుడూ అడగలేదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నవి నాలుగు పాటలే, మిగతావి 'ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే' అన్నట్టే పోయాయి. ఈ క్యాసెట్‌లో నాకు రాని పాటలున్నాయి శ్రీధర్.

శ్రీధర్: (కొంచెం ఆగి) అట్లయితే రెండు కాపీలు. ఒకటి ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు, ఇంకోటి నీకు. ఒక్కటి మాత్రం రెండిట్లోనూ ఉంచుతా, ఒప్పుకో. ప్రతి పాటకు ముందు పెద్దమ్మ గొంతు ఒకటి రెండు సెకన్ల ముందే చాలా సన్నగా వినిపిస్తుంది, గమనించావా? నైంటీ క్యాసెట్ టేపు పలచన, ఏళ్ళ తరబడి చుట్టి ఉంటే ఒక పొర మీది పాట పక్క పొర మీద అచ్చు పడుతుంది.

వనజ: నేను అది ఎవరో వెనక నుంచి ముందే అందుకుంటున్నారనుకున్నా. సరే, ఉంచు. టేబుల్ ఫ్యాన్ అన్న లిస్ట్ ఏమైంది మరి?

శ్రీధర్: వచ్చే వారం. బెల్ట్ గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది, మోటార్ వెనక చిన్న రంధ్రంలో స్పీడ్ స్క్రూ...

వనజ: అది తర్వాత. కాగితం తీసుకున్నా, బి సైడ్ రెండో పాట పెట్టు, రాసుకుంటా. ఆ... ఆ... ఆగు, వెనక్కి తిప్పు, మూడో వరుసలో ఒక మాట అందలేదు.

శ్రీధర్: 'పసుపు' తర్వాతనా?

వనజ: కాదు, దానికి ముందు.