ఇంకోసారి వేయాలా, ఆగాలా? పాచికల ఆటలో గెలుపు లెక్క

అందరికీ నమస్కారం.

ముందు ఒక ఆట నియమాలు చెబుతాను. ఇద్దరు ఆటగాళ్లు, ఒకే పాచిక. ఎవరు ముందు 100 పాయింట్లు చేరితే వాళ్లదే గెలుపు. మీ వంతు వచ్చినప్పుడు పాచికను ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. 2 నుంచి 6 వరకు ఏది పడినా చేతిలో చేరుతూ ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగి, చేతిలో ఉన్నదంతా మీ పేర జమ చేసుకుని, పాచికను అవతలివాళ్లకు ఇచ్చేయవచ్చు. కానీ ఆగేలోపు 1 పడిందంటే ఆ వంతులో కూడబెట్టినదంతా పోతుంది, వంతు కూడా మారిపోతుంది. అంతకుముందు జమ అయినది మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ ఆట పేరు పిగ్. జాన్ స్కార్నీ 1945లో దీని గురించి రాశాడు. నియమాలు ఐదేళ్ల పిల్లలకు కూడా అర్థమవుతాయి. ఆటలో తీసుకోవాల్సిన నిర్ణయం కూడా ఒక్కటే: ఇంకోసారి వేయాలా, ఆగాలా? అయినా దీన్ని తప్పు లేకుండా ఎలా ఆడాలో చెప్పే విశ్లేషణ 2004లో గానీ రాలేదు. అమెరికాలోని గెటిస్‌బర్గ్ కాలేజీలో పనిచేసే టాడ్ నెల్లర్, క్లిఫ్టన్ ప్రెసర్ దాన్ని ప్రచురించారు. అంత చిన్న ఆటకు కంప్యూటర్ ఎందుకు అవసరమైందన్నదే ఈ రోజు నా విషయం.

కాగితం మీద చేయగలిగిన లెక్కతో మొదలుపెడదాం. మీ చేతిలో కొన్ని పాయింట్లు ఉన్నాయి. ఇంకోసారి వేస్తే ఆరింట ఒక వంతు అవకాశంతో అవన్నీ పోతాయి. పోకపోతే 2, 3, 4, 5, 6లో ఏదో ఒకటి కలుస్తుంది. వాటి మొత్తం 20. కాబట్టి ఒక్కసారి వేస్తే సగటున కలిసేది 20లో ఆరో వంతు. సగటున పోయేది చేతిలో ఉన్నదాంట్లో ఆరో వంతు. చేతిలో 20 కంటే తక్కువ ఉంటే వేయడం లాభం, ఎక్కువ ఉంటే నష్టం, సరిగ్గా 20 ఉంటే రెండూ సమానం. 'ఇరవై రాగానే ఆగు' అనే సూత్రం ఇలా పుట్టింది.

ఈ సూత్రం పాటిస్తే ఏం జరుగుతుందో కూడా లెక్క కట్టవచ్చు. నూటికి 62 సార్లకు పైగా ఆ వంతులో సున్నాయే వస్తుంది. మిగిలిన సార్లు 20 నుంచి 25 మధ్య ఏదో ఒకటి జమ అవుతుంది. అన్నీ కలిపి చూస్తే సగటున వంతుకు 8.14 పాయింట్లు. వరసగా రెండు మూడు వంతులు ఖాళీగా పోయేసరికి ఆడేవాళ్లకు టెన్షన్ పెరిగి పన్నెండుకో పదిహేనుకో ఆగిపోవడం మొదలుపెడతారు. సగటును లెక్కలోకి తీసుకుంటే అలా ముందే ఆగడం నష్టమే.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఒక పరిస్థితి చూడండి. మీ పేర 70 జమ అయి ఉంది. అవతలివాళ్లకు 98 ఉంది. ఈ వంతులో మీ చేతిలోకి 20 వచ్చాయి. సూత్రం ప్రకారం ఆగాలి. ఆగితే మీకు 90 అవుతుంది, పాచిక అవతలివాళ్ల చేతికి వెళుతుంది. వాళ్లకు కావాల్సింది రెండే. 1 తప్ప ఏది పడినా వాళ్లు గెలిచినట్టే. అంటే ఆరింట ఐదు వంతులు ఆట అక్కడే ముగిసిపోతుంది. మీకు మిగిలేది ఎంత ఎక్కువ అనుకున్నా 16.7 శాతం.

ఆగకుండా చివరిదాకా వేస్తే? ఇంకా 10 కావాలి. మధ్యలో 1 పడకుండా కనీసం 10 కూడబెట్టే అవకాశం ఎంతో కింది నుంచి కట్టుకుంటూ రావచ్చు. ఒకటో రెండో కావాలంటే 5/6. మూడు కావాలంటే, 2 పడితే ఇంకొకటి కావాలి, 3 గానీ అంతకంటే పెద్దది గానీ పడితే పని అయిపోయింది, మొత్తం 29/36. నాలుగుకు ఒకటి, రెండుల విలువలను వాడుకోవాలి, ఐదుకు మూడుది కూడా. అలా పది దాకా వెళితే 0.59 వస్తుంది. ఒకవైపు 59 శాతం, ఇంకోవైపు 17 శాతం కూడా లేదు. 'ఇరవై రాగానే ఆగు' అనే సూత్రం ఇక్కడ మనల్ని ముంచేస్తుంది.

ఎందుకు ముంచేసింది? మనం దాన్ని అడిగిన ప్రశ్న వేరు. ఒక వంతులో సగటున ఎక్కువ పాయింట్లు ఎలా వస్తాయని అడిగాం, అది దానికి నిజాయితీగా సమాధానం చెప్పింది. ఆటలో పందెం సగటు పాయింట్ల మీద లేదు, ముందు 100 చేరడం మీద ఉంది. 99 దగ్గర ఓడినా, 12 దగ్గర ఓడినా ఓటమి ఓటమే. ఈ తేడాను పట్టుకోవడమే పాచికల ఆటల గణితంలో అసలు పని అని నా నమ్మకం. తర్వాత కంప్యూటర్ చేసేదంతా కష్టమైన పని కాదు, పెద్ద పని మాత్రమే.

సరైన ప్రశ్న ఇది: ఈ స్థితి నుంచి నేను గెలిచే అవకాశం ఎంత? స్థితి అంటే మూడు సంఖ్యలు: నా జమ, అవతలివాళ్ల జమ, నా చేతిలో ఉన్నది. ఈ ప్రశ్న మూడున్నర శతాబ్దాల కిందటిది. 1654లో ఫ్రెంచ్ గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాల్లో చర్చించుకున్నది దీని గురించే. ముందుగా మూడు ఆటలు గెలిచినవాళ్లకు పందెం మొత్తం వస్తుంది. ఒక్కొక్కరు 32 పిస్టోలు, అంటే అప్పటి బంగారు నాణేలు, పెట్టారు. ఒకరు రెండు ఆటలు, ఇంకొకరు ఒకటి గెలిచి ఉండగా ఆట ఆగిపోతే 64ను ఎలా పంచాలి? పాస్కల్ ముగింపు నుంచి వెనక్కి లెక్కించాడు. తర్వాతి ఆట మొదటివాడు గెలిస్తే 64 అతనివే. ఓడితే ఇద్దరూ సమానమవుతారు కాబట్టి 32. ఎలా చూసినా 32 ఖాయం, మిగతా 32లో సగం అతనికి చెందాలి. అందుకని అతనికి 48, రెండోవాడికి 16. ఇది పంపకం లెక్కలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఆ స్థితి నుంచి గెలిచే అవకాశం నాలుగింట మూడు వంతులని చెబుతోంది.

పాస్కల్ ఆటగాళ్లకు ఎంచుకునే అవకాశం లేదు. పిగ్‌లో ఉంది. ఎంపిక ఉన్న ఆటల్లోనూ చివరి నుంచి వెనక్కి లెక్కించే పద్ధతిని 1950లలో అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ స్థిరపరిచాడు. ప్రతి స్థితిలో రెండు దారులకూ గెలిచే అవకాశం లెక్కించు, ఏది పెద్దదైతే అది తీసుకో, ఆ పెద్ద విలువనే ఆ స్థితి విలువగా రాసుకో. ఆగే దారి విలువ, అవతలివాళ్లు ఓడిపోయే అవకాశం. వేసే దారి విలువ, ఆరు ముఖాలు తీసుకెళ్లే ఆరు స్థితుల విలువల సగటు.

చిక్కు ఎక్కడంటే, వెనక్కి వెళుతున్నామనుకుంటూ ఉండగానే లెక్క గుండ్రంగా తిరిగి మొదటికి వస్తుంది. నాకు 1 పడింది, అవతలివాళ్లకూ 1 పడింది. ఆట సరిగ్గా మొదటి స్థితికి వచ్చేసింది. ఆ స్థితి విలువ తెలియాలంటే ఆ స్థితి విలువే ముందు తెలియాలి. దీనికి దారి ఉంది. ఇద్దరికీ 99 ఉన్న స్థితి తీసుకోండి. వంతు నాది. నేను గెలిచే అవకాశాన్ని 'గ' అందాం. ఆరింట ఐదు వంతులు వెంటనే గెలుస్తాను. 1 పడితే అదే స్థితిలో అవతలివాళ్లు ఉంటారు, అప్పుడు నా అవకాశం 1 నుంచి 'గ' తీసివేస్తే వచ్చేది. ఈ సమీకరణం సాధిస్తే గ = 6/7, అంటే 0.8571.

ఇంత చిన్నదైతే చేత్తో సాధించవచ్చు. కంప్యూటర్‌కు వేరే దారి ఉంది, అది నాకు చాలా ఇష్టం. మొదట 'గ' సున్నా అని అబద్ధం ఊహించుకోండి. సమీకరణంలో పెడితే 1 వస్తుంది. దాన్ని మళ్లీ పెడితే 0.8333. మళ్లీ పెడితే 0.8611. తర్వాత 0.8565, 0.8573, 0.8571. తప్పుతో మొదలైనా ప్రతి చుట్టులో తప్పు ఆరో వంతుకు తగ్గిపోతుంది. పిగ్‌లో ఇలాంటి స్థితులు మొత్తం 5,05,000. అన్నింటికీ సున్నా పెట్టి, వరసగా సరిదిద్దుకుంటూ, మార్పు కంటికి ఆనకుండా పోయేవరకు తిరగాలి. జమ ఎప్పుడూ తగ్గదు కాబట్టి పెద్ద జమలు ఉన్న స్థితులను ముందు తేల్చేసుకుంటే పని ఇంకా తొందరగా అవుతుంది. పైథాన్‌లో యాభై వరసల ప్రోగ్రాం చాలు. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులు చేయగలిగిన పని ఇది, చేసి చూడాల్సిన పని కూడా.

ఫలితం ఏమొచ్చింది? ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే మొదట వేసినవాళ్లు 53.06 శాతం సార్లు గెలుస్తారు. ఎప్పుడు ఆగాలో చెప్పే సరిహద్దు ఒక సంఖ్య దగ్గర నిలవదు. జమలను బట్టి ఎగుడుదిగుడుగా మారుతూ పోతుంది. దాన్ని బట్టీ పట్టడం ఎవరివల్లా కాదు. అందుకని అదే ఇద్దరు 2010లో మనుషులు గుర్తుపెట్టుకోగల సూత్రం ఒకటి ఇచ్చారు. ఇద్దరిలో ఎవరికైనా 71 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, ఆగకుండా గెలిచేదాకా వేయండి. లేకపోతే అవతలివాళ్ల జమలోంచి మీ జమ తీసేసి, 8తో భాగించి, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించి, 21కి కలపండి. అంత రాగానే ఆగండి. మీకు 40, వాళ్లకు 64 ఉంటే 24 దగ్గర ఆగాలి. మీకు 64, వాళ్లకు 40 ఉంటే 18 దగ్గర ఆగాలి. వెనకబడినవాళ్లు సాహసం చేయాలి, ముందున్నవాళ్లు ఉన్నది కాపాడుకోవాలి. పరిపూర్ణమైన ఆటతో పోలిస్తే ఈ సూత్రం నష్టపోయేది ఒక శాతం కంటే తక్కువ.

కొందరు విద్యార్థులు అడుగుతుంటారు: ఇంత సమీకరణాలు ఎందుకు సార్, రెండు వ్యూహాలతో కంప్యూటర్ చేత పది వేల ఆటలు ఆడిస్తే ఏది మంచిదో తెలిసిపోదా అని. కొంతవరకు తెలుస్తుంది. కానీ పది వేల ఆటల ఫలితంలో అటూ ఇటూ ఒక శాతం దాకా ఊగిసలాట ఉంటుంది. మనం వెతుకుతున్న తేడాలే అంతంతమాత్రం. ఆ ఊగిసలాటను పదో వంతుకు తగ్గించాలంటే వంద రెట్లు, అంటే పది లక్షల ఆటలు ఆడించాలి. పైగా రెండు వ్యూహాలను పోల్చగలమే గానీ, వాటికంటే మంచిది మూడోది లేదని అలా రుజువు చేయలేం. ఆడించి చూడటం లెక్కను సరిచూసుకోవడానికి చాలా మంచి పద్ధతి. లెక్కకు బదులుగా అది పనికిరాదు.

ఐదు పాచికల యాట్జీ ఆటను కూడా ఇలాగే పూర్తిగా సాధించారు. ఒక్కరే ఆడుకుంటూ సగటు పాయింట్లను పెంచుకోవాలనుకుంటే సాధ్యమయ్యే గరిష్ఠ సగటు 254.59. అక్కడా ఇదే హెచ్చరిక. ఎదుటివాళ్లు ఇప్పటికే 300 చేసి కూర్చుంటే, సగటు పెంచే వ్యూహం మీకు సరైనది కాదు. ఇద్దరు ఆటగాళ్లు రెండు పాచికలతో పలక మీద కాయలు నడిపే బ్యాక్‌గామన్‌లో స్థితులు ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టినన్ని. పట్టిక రాయడం అసాధ్యం. ఐబీఎంలో జెరాల్డ్ టెసారో 1990ల మొదట్లో న్యూరల్ నెట్‌వర్క్‌తో ఆ విలువలను అంచనా వేయించాడు. ప్రోగ్రాం తనతో తానే ఆడుకుంటూ నేర్చుకుంది. మొదటి వేతలో 2-1, 4-1, 5-1 పడినప్పుడు ఏం ఆడాలన్న విషయంలో ప్రపంచ స్థాయి ఆటగాళ్లు దాన్ని చూసి తమ అలవాటు మార్చుకున్నారు.

డబ్బు పందేల గురించి అడుగుతారని తెలుసు. క్యాసినోలో పాచికలతో ఆడే క్రాప్స్ అనే ఆటలో 'పాస్ లైన్' పందెం గెలిచే అవకాశం 244/495, సగానికి కాస్త తక్కువ. పందెం పెట్టాక మీరు తీసుకోగల నిర్ణయం ఏదీ ఆ సంఖ్యను మార్చదు. ఓడే పందేలను ఎన్ని రకాలుగా కలిపినా వాటి సగటు లాభంలోకి రాదు. ఈ విద్యతో అక్కడ డబ్బు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇక మన ఆటల దగ్గరికి వద్దాం. భారతంలో నలుడికి అక్షహృదయం అనే పాచికల విద్య నేర్పింది ఋతుపర్ణుడు. నేర్పే ముందు ఒక తాండ్ర చెట్టును చూసి కాయలెన్నో, ఆకులెన్నో చెప్పాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూసుకున్నాడు. సరిపోయింది. లెక్కపెట్టడం తెలిసినవాడికే పాచికలూ తెలుసని ఆ కథ చెప్పినవాళ్లకు తోచడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

వైకుంఠపాళిలో నిర్ణయమే లేదు కాబట్టి వ్యూహమూ లేదు. అష్టాచెమ్మాలో ఉంది. ఏ కాయను నడపాలి, ఎవరి కాయను చంపాలి, ఏది పండించుకోవాలి? ఇక్కడ పాచిక బదులు నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందని ముందే అనుకోకూడదు. వెల్లకిలా పడే అవకాశం 0.6 అయితే చెమ్మా దాదాపు 13 శాతం సార్లు, అష్టా రెండున్నర శాతం సార్లు పడతాయి. ఐదు రెట్ల తేడా. కాబట్టి మొదటి పని మీ ఇంట్లో ఉన్న గవ్వలను ఓ వెయ్యిసార్లు వేసి రాసుకోవడం.

తర్వాత స్థితులు లెక్కపెట్టాలి. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్లున్న పలకలో కాయ నడిచే గళ్లు 25. ఒక్కొక్కరికి రెండు కాయలే పెట్టుకుంటే ఒకరి కాయల అమరికలు 325, ఇద్దరివీ కలిపి 1,05,625. పిగ్ కంటే చిన్న లెక్క. నాలుగు కాయలతో అయితే 42 కోట్లు. ఒక కాయనైనా చంపితేనే లోపలి వరసలోకి వెళ్లాలన్న నియమం పెట్టుకుంటే ఇంకో నాలుగు రెట్లు, 168 కోట్ల దగ్గర. రెండు కాయల ఆటను ఈ హాల్లో ఉన్నవాళ్లు సెలవుల్లో ల్యాప్‌టాప్ మీద సాధించగలరు. నాలుగు కాయలకు మెమరీ ఎక్కువున్న మెషీను, కాస్త ఓపిక కావాలి. నియమాలు ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి, మీ ఇంట్లో ఎలా ఆడతారో ముందు పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. అష్టా పడితే గవ్వలు ఇంకోసారి వేయనిస్తారా, ఏ గళ్లలో కాయను చంపకూడదు, పండాలంటే సరిగ్గా అన్నే పడాలా? ఈ మూడింటిలో ఏది మారినా సమీకరణాలు మారతాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.