లేచినావా పాపా?

(ధనుర్మాసం పద్నాలుగో రోజు సాయంత్రం, తిరుపతిలో ఒక భజన మందిరంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు, చలి గట్టిగానే ఉంది. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ధనుర్మాసం వస్తే మన ఊరి కళే వేరు. డిసెంబరు 16, 17 తేదీలు రాగానే కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై, అంటే గోదమ్మ (ఆండాళ్) పాడిన పాశురాలు, పాటలు, మొదలవుతాయి. కింద గోవిందరాజస్వామి గుడి వీధుల్లో తెల్లారకముందే వాకిళ్ళు చిమ్మే చప్పుడు. ముగ్గులు, గొబ్బెమ్మలు, వాటిమీద గుమ్మడిపూలు. కానీ ఏ వీధిలో చూసినా ముగ్గు లేని వాకిలి ఒకటో రెండో ఉంటాయి. ఈరోజు నేను మాట్లాడాలనుకున్నది ఆ ఇళ్ళ గురించి. ఒక ఏడు ఆ ఇల్లు మాదే.

ఆ ఏడు కార్తీకంలో మా అమ్మ పోయింది. "ఏడాది దాకా పండగ లేదు, కొండెక్కకూడదు" అన్నారు ఇంట్లో పెద్దలు. ఆ పద్ధతిని నేను తప్పు పట్టను. కొత్త చీర కట్టుకుని నలుగురిలో నవ్వాల్సిన అవస్థ నుంచి అది నన్ను కాపాడింది. కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. మిద్దె ఎక్కితే కొండమీద మెట్లదారి దీపాలు వరసగా కనిపించేవి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న దీపాలే. ఆ ఏడు మాత్రం అవి ఊళ్ళో అందరివీ, నావి కావు అనిపించింది. తెల్లారి మైకులో పాశురం వినపడగానే లేచి కిటికీ మూసేసేదాన్ని.

మా పక్కింటి అక్క రోజూ తన వాకిట్లో ముగ్గు వేసి, చేతికి పిండి అలాగే ఉండగా మా తలుపు దగ్గరికి వచ్చేది. "లేచినావా పాపా?" అనేది. అంతే. ఏడవద్దనీ, ధైర్యంగా ఉండమనీ, అంతా దేవుడి రాత అనీ ఒక్కరోజు కూడా అనలేదు. నేను పలక్కపోతే కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. చెప్పుల చప్పుడు దూరమవడం మంచం మీద నుంచే వినేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే టైముకి అదే మాట. వారం పైనే అలా గడిచింది.

ఒకరోజు విసుగొచ్చి, "అరవద్దక్కా, వస్తాండా" అని లేచి తలుపు తీశాను. ఆమె చేతిలో స్టీలు గిన్నె. మూత తీస్తే పొంగలి, మిరియాల వాసన, కళ్ళకి తగిలే ఆవిరి. గడప మీదే కూర్చుని తిన్నాను. ఆమె పక్కన కూర్చుని వేళ్ళకంటిన ముగ్గుపిండి దులుపుకుంటూ ఉంది, ఒక్క మాటా మాట్లాడలేదు. అమ్మ పోయాక ఆకలేసి తిన్న మొదటి ముద్ద అది.

కొన్నేళ్ళ తర్వాత ఇదే మందిరంలో తిరుప్పావై అర్థం వింటూ ఉలిక్కిపడ్డాను. మొత్తం 30 పాశురాల్లో 6 నుంచి 15 దాకా, అంటే పది పాశురాల్లో, గోదమ్మ చేసే పని ఒక్కటే. ఇంకా లేవని స్నేహితురాళ్ళ ఇళ్ళకి వెళ్ళి లేపడం. ధనుర్మాసం నోముకి వేళవుతోంది, అయినా ఆ పిల్లలు ఒక్కదాన్నీ వదిలిపెట్టి పోరు. తొమ్మిదో పాశురంలో లోపలి పిల్ల పలక్కపోతే వాళ్ళమ్మని అడుగుతారు. పన్నెండులో మంచు నెత్తిన పడుతున్నా గుమ్మం పట్టుకుని నిలబడతారు. రేపు మనం పాడుకునే పదిహేనులో లోపలి పిల్ల పలుకుతుంది. ఏమంటుందనుకున్నారు? అలా గట్టిగా పిలవకండి, వస్తున్నాను అంటుంది! అందరూ వచ్చారా అని కూడా అడుగుతుంది. వచ్చారు, నువ్వే వచ్చి లెక్కపెట్టుకో అంటారు బయటివాళ్ళు.

ఆ లెక్క ఆమె బయటికి వస్తేనే సరిపోతుంది. నా తలుపు బయట వారం రోజులు నిలబడిన అక్క తిరుప్పావై చదువుకున్న మనిషి కాదు.

ఇంకొకటి చూడండి. రెండో పాశురంలో ఆ పిల్లలు నెయ్యి, పాలు మానేస్తారు, కాటుక పెట్టుకోరు, పూలు ముడుచుకోరు. నగలు, కొత్త బట్టలు, మోచేతి దాకా నెయ్యి కారే పాలన్నం ఎప్పుడో ఇరవై ఏడులో వస్తాయి. ముగ్గు లేని ఇంటివాళ్ళకి ఈ నెలలో చోటు లేదని మనం అనుకుంటాం. వాళ్ళు రెండో పాశురంలో ఉన్నారని నాకనిపిస్తుంది. పూలు లేని తల కూడా ఈ నోములోదే.

దుఃఖంలో ఉన్నవాళ్ళని తొందరపెట్టకండి. డిసెంబరు 21, 22 తర్వాత పగలు పెరుగుతుందని చదువుకున్నాం. కానీ మన తిరుపతిలో జనవరి మూడో వారం దాకా పొద్దు పొడవడం ఇంకా కొంచెం ఆలస్యమవుతూనే ఉంటుంది. ముందుగా పెరిగేది సాయంత్రం వెలుగు. సంక్రాంతి కూడా వచ్చింది, ఇంకా తేరుకోలేదా అని ఎవరినీ అడగకండి. అసలు సంక్రాంతికి మన జిల్లాలో పోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టి దండం పెట్టుకునే ఇళ్ళు ఎన్ని లేవు? ఆ పండగలో వాళ్ళకి చోటు ఎప్పుడూ ఉంది.

2025 జనవరి 8 రాత్రి ఈ ఊళ్ళోనే వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్ళలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. ఎక్కడెక్కడి నుంచో స్వామిని చూడాలని వచ్చినవాళ్ళు. వైకుంఠ ఏకాదశి వచ్చినప్పుడల్లా ఆ ఇళ్ళకి ఏం గుర్తొస్తుందో ఒక్కసారి ఆలోచించండి. మీ దీపంలో ఒక వత్తి వాళ్ళ పేరు మీద వెయ్యండి.

భజనకి వస్తే అన్నీ తగ్గిపోతాయని మాత్రం నేను చెప్పను. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే సహాయ లైను టెలీ మానస్, 14416 నంబరుకి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. దేవుడి మీద నమ్మకం ఉన్నవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్తే నమ్మకం తగ్గినట్టు కాదు.

రేపు పాశురం అయ్యాక కట్టెపొంగలి పంచుతారు. దొప్పలు ఎక్కువే తెప్పించాం. మీ వీధిలో ముగ్గు లేని ఇల్లు ఏదో మీకు తెలుసు. ఒక దొప్ప వాళ్ళకీ పట్టుకెళ్ళండి. వేడి మీదే ఇవ్వండి, ఈ చలికి తొందరగా గట్టిపడిపోతుంది.